ఒక్క పువ్వునూ పోనివ్వని వల

సిరోంచ వెళ్లొచ్చానని చెబితే మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు "అదెక్కడ?" అన్నారు. నాలుగో ఆయన "అమ్మో, అక్కడికా!" అన్నాడు. ఆయనకూ అదెక్కడో తెలియదని రెండు నిమిషాల్లో తేలిపోయింది. మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన, మూడు నదులు చుట్టుకున్న తాలూకా అది. అవతలి ఒడ్డు తెలంగాణ. ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ, అడవి ఊళ్లలో గోండీ. మార్చి ఆఖర్లో ఆరు రోజులు అక్కడ తిరిగొచ్చాను. వెళ్లని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు నా పని సంగతి చెప్పాలి. మాది తెనాలి దగ్గర పల్లె, ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాను. వ్యాపారం మొదలుపెట్టాలనుకునే వాళ్లకూ, ప్రయోగశాలలో ఏదో కనిపెట్టి దాన్ని జనంలోకి ఎలా తేవాలో తెలియక తల పట్టుకునే శాస్త్రవేత్తలకూ లీన్ స్టార్టప్ పద్ధతి నేర్పుతాను. పేరు పెద్దదిగానీ విషయం చిన్నదే. ఒకేసారి పెద్దది కట్టకు, చిన్నది చేసి చూడు. అది చేసే ముందు వాడబోయే వాళ్లను వెళ్లి అడుగు. అడిగాక నోరు మూసుకుని విను. ఈ మూడోది నాకూ ఇంకా పూర్తిగా అబ్బలేదు.

నన్ను పిలిచిన సంస్థ పాఠాలతోపాటు ఇంకో పని కూడా అప్పగించింది. ఆ తాలూకాలో స్వప్న అనే యువ శాస్త్రవేత్తకు వాళ్లు రెండేళ్లుగా ఊతమిస్తున్నారు. మూడో ఏడాది కూడా ఇవ్వాలా, ఇక ఆపేయాలా అన్నది నేను కళ్లారా చూసి ఒక పేజీ రాసివ్వాలి. గడువు శనివారం సాయంత్రం. ఒక పేజీయే కదా, బస్సులో కూర్చుని రాసేస్తాననుకున్నాను.

ప్రాణహిత దాటాక

మంచిర్యాల దాకా రైలు, చెన్నూరు మీదుగా బస్సు. వంతెన మీదికి రాగానే బస్సులో సగం మంది కిటికీల వైపు తిరిగారు. ప్రాణహిత ఆ రోజుల్లో సన్నగా పారుతోంది, ఇసుకలో పుచ్చపాదులు పచ్చగా కనిపించాయి. వంతెన అవతల బోర్డులన్నీ మరాఠీలోకి మారిపోయాయి. మాట మాత్రం మారలేదు. నేను బితుకుబితుకుమంటూ హిందీలో దారి అడిగితే దుకాణంవాడు "తెలుగుల చెప్పుర్రి, ఏం కాదు" అన్నాడు.

బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ కొంగులోంచి తునికిపండ్లు తీసి నా ఒళ్లో పోసింది.

"తినుర్రి. మీ దిక్కు దొరకయి."

నిజమే, దొరకవు. లేత పసుపు గుజ్జు, తియ్యగా ఉండి చివర్లో కాస్త వగరు. బస్టాండులో పది రూపాయలకు దోసెడు పోస్తారట. పండు తినేలోపు నా వయసు, ఊరు, పిల్లలు ఎందరో కనుక్కుని, చివరికి ఏం పని చేస్తానని అడిగింది.

"వ్యాపారం ఎలా చేయాలో నేర్పుతానండీ."

"మంచిగున్నది. మీరెన్ని దుకాన్లు నడిపిండ్రు?"

"నేనా... ఒక్కటీ లేదు."

ఆమె నా మొహం కాసేపు చూసి, జాలిపడి ఇంకో నాలుగు పండ్లు పోసింది.

సిరోంచ: ఎవరూ చదవని కాగితాలు

మర్నాడు పొద్దున్నే బస్టాండు దగ్గర పోహా తిన్నాను. ప్లేటు ఇరవై రూపాయలు. అటుకుల మీద సన్న కారప్పూస, పచ్చి ఉల్లిపాయ, నిమ్మబద్ద. ఇడ్లీ లేని పొద్దు నాకు పొద్దులా ఉండదుగానీ, రెండో ప్లేటు అడిగే దాకా ఆ సంగతి గుర్తు రాలేదు. కాఫీ అడిగితే మాత్రం చాయ్ ఇచ్చారు. మళ్లీ అడిగితే ఇంకో చాయ్ ఇచ్చారు.

పాఠాలు ధాన్యం గోదాము మీది మేడగదిలో. పద్నాలుగు మంది వచ్చారు. దుకాణాలున్న కుటుంబాల ఆడపిల్లలు, మగపిల్లలు, నది ఒడ్డున వరి వేసే రైతులు ముగ్గురు, శాస్త్రం చదివినవాళ్లు ఇద్దరు. అందరికంటే ముందు వచ్చి ముందు వరసలో కూర్చున్నది వెంకటేశం గారు. అరవై దాటాయి, మూడు తరాల కిరాణా దుకాణం. మిరపకారం పొట్లాలు కట్టి చంద్రపూర్ దాకా పంపాలని ఆయన ఆలోచన.

తెలుగువాళ్లు కదా అని నేను ముప్ఫై సెట్ల కాగితాలు తెలుగులో అచ్చు వేయించుకుని మరీ తీసుకెళ్లాను. గళ్లు, బాణాలు, ప్రశ్నలు, నింపాల్సిన ఖాళీలు. అందరికీ పంచి, "పది నిమిషాల్లో నింపండి" అన్నాను. అందరూ శ్రద్ధగా పేజీలు తిప్పారు. ఎలా ఉన్నాయంటే "మస్తుగున్నయి మేడం" అన్నారు. పది నిమిషాలు కాస్తా అరగంట అయింది. ఒక్కరూ ఒక్క గడి నింపలేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక సన్నటి అమ్మాయి లేచి నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా చెప్పింది.

"మేడం, మాట్లాడుడు తెలుగే. చదువుకున్నదంతా మరాఠీల. ఈ అక్షరాలు మాకు రావు."

నేను సంస్థవాళ్లకు ఫోన్ చేసి "వాళ్లకు తెలుగు వచ్చా?" అని అడిగాను. వచ్చన్నారు. చదవడం వచ్చా అని అడగాలని నాకు తోచలేదు. వాడబోయే వాళ్లను అడిగి తెలుసుకోమని ఊరూరా చెప్పే మనిషిని! సిగ్గేసింది. దాచుకుని లాభం లేదని ఆ సంగతే క్లాసులో పైకి చెప్పేశాను. "చూశారా, అడక్కుండా చేస్తే ఇలా ఉంటుంది" అన్నాను. గది గొల్లుమంది. వెంకటేశం గారు కాగితాలన్నీ పోగుచేసి వేళ్లతో మందం చూశాడు.

"పరేషాన్ గాకుర్రి మేడం. కాయితం దళసరిగున్నది. పొట్లాలకు పనికొస్తది."

ఇక ఆ రోజూ, మర్నాడూ కాగితం లేకుండా నోటి మీదే పాఠం నడిచింది. అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదనుకుంటాను.

చుట్టం కాని మనిషి కావలెను

మా పద్ధతిలో ఒక నియమం ఉంది. మీరు చేసిన వస్తువు ఎలా ఉందో చుట్టాలను అడగకూడదు. ప్రేమకొద్దీ బాగుందంటారు. ఎక్కడ చెప్పినా తలలూపే మాటే ఇది. ఇక్కడ ఎవరూ తల ఊపలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మరి ఎవ్వల్ని అడగాలె?" అన్నాడు ఒక రైతు.

"చుట్టాలు కానివాళ్లను."

వెంకటేశం గారు లేచాడు. "మేడం, ఇటు బామ్ని నుంచి అటు నది ఒడ్డు దాక అత్తనో, మామనో, అన్ననో ఎవ్వలో ఒకలు అయితరు. వరస కలవనోళ్లను మీరే చూపెట్టుర్రి, పోయి అడుగుత."

సరే, చుట్టాలైనా పర్వాలేదు, కానీ ఏదీ అమ్మకూడదు, పొగడకూడదు, అడిగి వినాలంతే, ఐదుగురిని అడిగి రండి అని ఊళ్లోకి పంపాను. రెండు గంటల తర్వాత తిరిగొచ్చారు. వెంకటేశం గారి మొహం వెలిగిపోతోంది.

"ఐదుగురిని అడిగిన మేడం. ఐదు కిలోల కారం అమ్ముడువోయింది."

"అమ్మొద్దన్నాను కదండీ!"

"నేనేడ అమ్మిన? ఆళ్లే కొన్నరు."

ఆ పూటంతా ఆయన్ని దారికి తేవడానికి ప్రయత్నించి నేనే ఓడిపోయాను. ఆయన మాత్రం నా మీద కోపం పెట్టుకోకుండా సాయంత్రం ఇంటి నుంచి సర్వపిండి రొట్టెలు పంపాడు.

కాగితాల సంగతి చెప్పిన సన్నటి అమ్మాయే స్వప్న. క్లాసు అయ్యాక మెట్ల మీద కూర్చుని తన పని చెప్పింది. బామ్నిలో వరి రైతు కూతురు. నాగపూర్‌లో చదివి డాక్టరేటు చేసింది. వేసవి మొదట్లో అడవి ఊళ్ల వాళ్లు ఇప్పపువ్వు ఏరుకుంటారు. పూలు తెల్లవారుజామున రాలతాయి, ఎండుటాకుల్లో కనిపించవు. అందుకని ముందుగానే చెట్ల కింద ఆకులకు నిప్పు పెడతారు. పొగకు కళ్లు పోతాయి, మొలకలు మాడిపోతాయి, ఒక్కోసారి మంట అడవిలోకి పాకుతుంది. స్వప్న దానికి వల తయారుచేసింది. చెట్టు చుట్టూ గుంజలకు కడితే పూలన్నీ వల మీద పడి నడుమ ఉన్న గంపలోకి జారతాయి. నిప్పూ అక్కర్లేదు, వంగి ఏరడమూ అక్కర్లేదు.

"కొమ్మలు ఎంత దూరం పోతయో కొలిచి, గాలికి పువ్వు ఎంత ఎగురుతదో లెక్క తీసి, గంతకంటె ఇంకింత వెడల్పు పెట్టిన మేడం. ఒక్క పువ్వు బయట పడది" అంది. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు గర్వంతో నిండిపోయింది. ఆ వెడల్పు తేల్చడానికే ఏడాది పట్టిందట.

పోయిన ఏడాది పన్నెండు ఇళ్లకు వలలు ఇచ్చింది. పన్నెండు ఇళ్లవాళ్లూ వాడుతున్నామని ఫోన్‌లో చెప్పారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పన్నెండుకు పన్నెండు! పేజీ సగం రాసినట్టే అనుకున్నాను.

"సంస్థ ఆపేస్తే ఏం చేస్తావు?" అని అడిగాను.

"నాగపూర్ల కొలువు తయారున్నది. జూన్ల రమ్మన్నరు. మంచి ల్యాబు." మెట్టు మీద పడ్డ వడ్లగింజ ఒకటి ఏరింది. "నాకు ఇక్కడ ఉండాలని ఉన్నది మేడం."

బామ్ని: రెండు ముద్దలు ఎక్కువ

గురువారం మధ్యాహ్నం బామ్నిలో స్వప్న వాళ్లింట్లో భోజనం. వాళ్ల నాన్న మితభాషి. నన్ను చూసి నమస్కారం పెట్టి, మంచం చూపించి, వెళ్లి చేపలు తెచ్చాడు. నది చేప పులుసు, పచ్చిపులుసు, కొత్త బియ్యం అన్నం. మా వైపు పులుసులో బెల్లం ముక్క వేస్తాం, ఇక్కడ ఆ ఊసే లేదు, మిరపకారం మాత్రం ధారాళంగా వేశారు. ముక్కు కారుతుంటే తుడుచుకుంటూ తిన్నాను. చాలంటే ఆగుతారనుకున్నాను. మా ఊళ్లో రెండుసార్లు చాలంటే ఆగుతారు. ఇక్కడ చాలన్న ప్రతిసారీ ఒక గరిటె పడింది. చివరికి విస్తరాకు మీద రెండు చేతులూ అడ్డం పెడితే వాళ్ల నాన్న మొదటిసారి నోరు విప్పాడు.

"చెయ్యి తీయుర్రి. వేడిది వడ్తది."

తిన్నాక ఇంటి నుంచి బయల్దేరుతుంటే ఆయన ఒక్కటే అడిగాడు. "మేడం, పోరి ఇంట్ల ఉంటదా, పోతదా?" చూసి చెబుతానన్నాను. ఆ మాట నాకే రుచించలేదు.

రేగుంట దాటాక, కోళ్ల గూడు మీద

రేగుంట దాటి అడవి అంచున ఇరవై ఇళ్ల పల్లె. స్వప్న వాళ్ల చిన్నమ్మ పోచక్క అక్కడే ఉంటుంది. జీపు గుంతలో పడి నా కళ్లజోడు ఒక కాడ విరిగింది. దాన్ని దారంతో చెవికి కట్టుకుని దిగిన నన్ను చూసి పల్లె పిల్లలంతా చుట్టూ చేరారు.

మొదటి ఇంట్లో ఆకుపచ్చ వల కనిపించింది. కోళ్ల గూడు మీద ఉంది. రెండో ఇంట్లో దాని మీదికి చిక్కుడుపాదు ఎగబాకుతోంది. మూడో ఇంట్లో ఎండుతున్న మిరపకాయలకు కోళ్లు రాకుండా కప్పారు. ప్రతి ఇంట్లోనూ స్వప్న చేయి పట్టుకుని ఒకటే మాట. "మస్తు గట్టిగున్నది బిడ్డా నీ వల. మస్తు పనికొస్తున్నది."

నాకు నవ్వాగలేదు. పగలబడి నవ్వాను. పక్కకు చూస్తే స్వప్న నవ్వడం లేదు.

"వల వాడుతుండ్రా అని అడిగిన మేడం ఫోన్ల. వాడుతున్నం అన్నరు" అంది. మిరపకాయల మీది వల కొస ఎత్తి చూసింది. "వాడుతున్నరు. అబద్ధం జెప్పలే."

సాయంత్రానికి పన్నెండూ చూశాం. ఇప్పచెట్టు కింద కట్టింది ఒక్కటీ లేదు. పోచక్క ఇంట్లో మాత్రం వల మడతపెట్టి, పాత చీరలో చుట్టి, దేవుడి గూటి పక్కన పెట్టి ఉంది. మా పద్ధతి ప్రకారం రాయాల్సిన మాట తేలిగ్గానే తేలిపోయింది: ఆపండి. అంత తేలిగ్గా వచ్చిన ఆ మాట మీద నాకు ఒళ్లు మండింది.

తెల్లారి, చెట్టు కింద

రాత్రి అక్కడే ఉండి, శుక్రవారం వెలుగు రాకముందే పోచక్క చెట్టు దగ్గరకు వెళ్లాం. ఇప్పపూలు రాలడం నేను మొదటిసారి చూశాను. రేకులు విడిన పువ్వులా ఉండదు. మీగడ రంగులో, కండపట్టిన చిన్న కాయలా ఉంటుంది. టప్, టప్ అని పడుతుంటాయి. తియ్యటి వాసన, దాని అడుగున పొగ వాసన. చెట్టు కింద నేల నల్లగా కాలి ఉంది.

స్వప్న పట్టుదలగా తనే వల కట్టింది. ఎంత చక్కగా కట్టిందో! పూలు వల మీద పడి దొర్లుకుంటూ గంపలోకి చేరుతున్నాయి. నిజంగానే ఒక్క పువ్వు కూడా బయట పడలేదు. పోచక్క "మంచిగున్నది బిడ్డా" అంది.

అప్పుడు నా కంట పడింది. గంప నడుమున పెట్టుకుని ఒక ముసలావిడ చెట్ల మధ్య నుంచి వస్తోంది. వలను చూసి ఆగింది. వెనక్కి తిరిగింది.

చెవికి దారంతో కట్టుకున్న కళ్లజోడు ఊగుతుండగా ఆమె వెనక పరుగెత్తాను. పేరు సోమి, గోండు ఇంటి మనిషి, పోచక్క పొరుగు. తెలుగు కొద్దికొద్దిగా మాట్లాడుతుంది. నేను క్లాసులో చెప్పే పాఠం ఎట్టకేలకు నేనే పాటించాను.

"రోజూ వస్తారా అమ్మా ఇక్కడికి?"

"వస్త."

"ఇవాళ ఎందుకు వెళ్లిపోతున్నారు?"

"వల కట్టిండ్రు."

"కడితే ఏమైంది?"

"రావద్దని."

కోపం లేదు, నిష్ఠూరం లేదు. వాన వస్తోంది కాబట్టి లోపలికి పోతున్నానన్నంత మామూలుగా చెప్పింది. ఆ తాలూకాలో స్వప్నకు వరస కలవని మనిషి మొత్తానికి దొరికింది.

ఆమెను వెంటబెట్టుకుని వెనక్కి వచ్చాను. పోచక్క తల వంచుకుంది. తల ఎత్తకుండానే చెప్పింది. చెట్టు వాళ్ల ఇంటిదే. కొమ్మల కింద రాలినవి వాళ్లవే. కొమ్మల నీడ దాటి పడినవి మాత్రం ఎవరు ముందు వస్తే వాళ్లవి. చెట్టు లేని సోమి, పక్కింటి ఆడబిడ్డ, ఇంకో ఇద్దరు ముసలివాళ్లు ఆ అంచు పూలు ఏరుకుంటారు. వాళ్ల చెట్టుకు పూత సరిగా రాని ఏడు పోచక్క కూడా వేరేవాళ్ల చెట్ల అంచున ఏరుకుంది. అంచులు కూడా కప్పేలా వల కడితే మీరెవరూ రావద్దని చెప్పినట్టే. పల్లెలో ఏ ఇల్లూ ఆ మాట అనడానికి సిద్ధంగా లేదు.

"మరి ఏడాది సంది ఎందుకు చెప్పలే చిన్నమ్మా?" అని అడిగింది స్వప్న.

"ఎట్ల చెప్పాలె బిడ్డా? గంత చదివి, ఎండల మోసుకొచ్చి, ఒక్క పువ్వు బయట పడదని మురుసుకుంట చెప్తివి. నా నోట ఎట్ల వస్తది?"

స్వప్న కాలిన నేల మీద అలాగే కూర్చుండిపోయింది. ఏడాది లెక్కలు కట్టి తేల్చిన ఆ వెడల్పే, తను అన్నిటికంటే ఎక్కువ మురిసిన ఆ పనితనమే అడ్డమైందని ఆమెకు అర్థమైంది. నాకు చెప్పాలనిపించిన మాటలు పది ఉన్నాయి. ఒక్కటీ చెప్పలేదు. అది నాకెంత కష్టమో నన్నెరిగిన వాళ్లకు తెలుసు.

కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని, "చిన్నమ్మా, ఎంత విడిచిపెట్టాలె?" అని అడిగింది.

పోచక్క ఇంటికి పోయి కొడవలి తెచ్చింది. చెట్టు చుట్టూ నడుస్తూ, కొమ్మల కొసలకేసి చూస్తూ, వల అంచును చుట్టూతా మూరన్నర మేర కోసేసింది. స్వప్న కళ్లు మూసుకుంది. గుంజలు లోపలికి జరిపి మళ్లీ కట్టాక వల చిన్నదైంది. పూలు లోపలా పడుతున్నాయి, బయటా పడుతున్నాయి. పోచక్క గొంతెత్తి, "సోమక్కా, రావే!" అని పిలిచింది. సోమి వచ్చి, ఏమీ జరగనట్టే, బయట పడిన పూలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

ఆ రోజు పొద్దున్న పోచక్క ఇంట్లో ఇప్పపువ్వు వేయించి, నువ్వులతో దంచి ఉండలు చేసి పెట్టింది. మా ఊళ్లో ఇప్పపువ్వు అంటే సారా తప్ప ఇంకోటి తలవరు. ఆరు ఉండలు తిన్నాను.

అల్లపల్లి: ఒక అంకె

శనివారం పొద్దున ఎవరికీ చెప్పకుండా మేమిద్దరం మళ్లీ చెట్టు దగ్గరకు వెళ్లాం. వల కట్టి ఉంది. పోచక్క తనంతట తను కట్టుకుంది. మిగతా చెట్ల కింద ఏమీ లేదు. అంతే.

అక్కడి నుంచి అల్లపల్లి. దారికి రెండు పక్కలా టేకు అడవి, ఆకులు రాల్చి బోడిగా నిలబడి ఉంది. కలప డిపోలో దుంగలన్నిటికీ అంకెలు వేసి పేర్చారు. స్వప్న నన్ను బస్సెక్కించడానికి వచ్చింది. చాయ్ పది రూపాయలు, సమోసా పదిహేను. ఆ బల్ల మీదే పేజీ రాశాను. ఇంగ్లీషులో రాయాలి కాబట్టి ఇద్దరికీ చదవడం వచ్చు.

పేజీలో అసలు ప్రశ్న ఒక్కటే: ఈ కాలంలో ఎన్ని కుటుంబాలు వాడుతున్నాయి? నేను ఇలాంటి వాక్యాలు చెక్కడంలో సిద్ధహస్తురాలిని. "పన్నెండు కుటుంబాలకు వలలు అందాయి, క్షేత్రంలో వాడకం మొదలైంది" అని రాశాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఈ అమ్మాయిని ఇక్కడే ఉంచాలని నాకు అంత బలంగా ఉంది మరి.

స్వప్న చదివింది. పెన్ను అడిగి తీసుకుని ఆ వాక్యం కొట్టేసింది.

"ఒకటి అని రాయుర్రి మేడం."

"ఒకటంటే ఆపేస్తారు స్వప్నా."

"ఆపితే ఆపనియ్యుర్రి. ఏడాది సంది నేను పన్నెండు అనుకుంటున్న. గా పన్నెండు నాయి గావు, నా మీది ప్రేమవి. ఈ ఒకటి నిజంది."

నా వయసులో సగం. నేను అందరికీ చెప్పుకుంటూ తిరిగేది తను చేసి చూపించింది. ఒకటి అని రాశాను. కింద కొడవలి సంగతి, అంచు పూల సంగతి, సోమి వెనక్కి తిరిగిన సంగతి రాశాను. స్వప్న దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి తన చేత్తోనే పంపించింది. బస్సు కదిలేటప్పుడు నవ్వుతూ చెయ్యి ఊపింది. నేనే మొహం తిప్పుకున్నాను.

మళ్లీ ఇంట్లో

పది రోజులకు సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. కూర మాడుతుంటే స్టవ్ కట్టేసి ఎత్తాను.

"మేడం, ఇక్కడ ఒకటి అని ఉంది. పక్కన సున్నా ఏమైనా పోయిందా?"

"పోలేదు. ఒకటే."

అవతల ఆయన పేజీ మళ్లీ పైకి చదువుకున్నాడు. "ఈ ఏడు మాకు వచ్చిన వాటిలో ఇదే అన్నిటికంటే చిన్న అంకె. ఎందుకు వాడలేదో రాసింది కూడా ఇదొక్కటే. ఇంకో ఏడాది ఇస్తున్నాం. ఆ అమ్మాయికి మీరే చెప్పండి" అన్నాడు.

బామ్నికి ఫోన్ చేశాను. చెప్పాను. స్వప్న ఫోన్ అలాగే పట్టుకుని పరుగెత్తిన చప్పుడు, కోళ్లు చెదిరిన చప్పుడు, ఆ వెంటనే ఊరంతా వినపడేలా ఒక కేక.

"బాపూ! నేను పోత లేను!"

కాసేపటికి ఫోన్‌లో వాళ్ల నాన్న గొంతు వినపడింది.

"మేడం, మీరేం రాసిండ్రో నాకు తెల్వది. పోరి ఇంట్లనే ఉంటది గదా?"

"ఉంటుందండీ" అన్నాను.

"ఇగ చాలు" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.